పేర్లు చదివే రోజు కోసం వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి,

గాంధీనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నివాసులు సమర్పించుకుంటున్న మనవి.

ప్రతులు: రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు, రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖకు, జీహెచ్ఎంసీ కమిషనర్ గారికి.

విషయం: 1947-48లో హైదరాబాద్ సంస్థానంలో జరిగిన నరమేధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లన్నీ నమోదు చేయించడం, ఏటా ఆగస్టు 27న వాటిని బహిరంగంగా చదివి స్మరించుకోవడం గురించి.

అయ్యా,

1948 ఆగస్టు 27న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉన్న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు కలిసి విరుచుకుపడ్డాయి. అంతకుముందు వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఊరు తిప్పికొట్టింది. ఊరి నడుమ బురుజు ఉంది. దాని మీద కాపలా ఉన్నవాళ్ళు దూరాన దుమ్ము లేవగానే నగారా కొట్టేవారు. వడిసెలలు, నాటు తుపాకులు, గుండ్రాళ్ళు, అవే వాళ్ళ ఆయుధాలు. ఈసారి వచ్చినవాళ్ళు వందల్లో వచ్చారు, సైన్యం వాడే తుపాకులతో వచ్చారు. బురుజు మీది కాపలా కూలిపోయాక ఊళ్ళోకి దిగి, దొరికిన మగవాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చి చంపారు.

ఎంతమందిని? ఒకరు 88 అంటారు. ఒకరు 96 అంటారు. ఇంకొకరు 118 అంటారు. మా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలను అడిగితే తేదీ నిద్రలో లేపినా చెబుతారు, సంఖ్య దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ఏ పుస్తకంలో చదివారో దాన్నిబట్టి జవాబు మారుతుంది. అయ్యా, 88కీ 118కీ మధ్య ముప్పై మంది మనుషులున్నారు. వాళ్ళు ఆ రోజు చనిపోయారో, బతికి ఇంకెక్కడికైనా వెళ్ళిపోయారో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాం. ఒక ఊరి మరణాల లెక్కలోనే ముప్పై మంది తేడా వస్తుంటే సంస్థానం మొత్తం సంగతి ఏమని చెప్పాలి?

బైరాన్‌పల్లితో మీ వీధులకేం పని అని ఎవరైనా అడగవచ్చు. ఈ కాగితం రాయడానికి మొదట కూర్చున్నది రెండిళ్ళవాళ్ళం. ఒకే గల్లీ, ఎదురెదురు గుమ్మాలు. మొదటి ఇంటివాళ్ళది జనగామ వైపు పల్లె. ఆ ఏడు ఎండాకాలంలోనే ఇల్లు, గొడ్డు వదిలేసి పట్నం వచ్చారు. ఆ ఇంటి పెద్దావిడ, రజాకార్లు వస్తున్నారని తెలిసి జొన్నచేలో రాత్రంతా దాక్కున్న మనిషి, ఎనభై ఏళ్ళు దాటాక కూడా ఆ మాటెత్తితే "గా ముచ్చట ఇడువు బిడ్డా" అని లోపలికి వెళ్ళిపోయేది. ఆమె పోయింది. ఎవరెవరిని చంపారో ఆమెకు తెలుసు. మాకు తెలియదు. అడగాల్సిన గట్టితనం మాకు వచ్చేసరికి చెప్పాల్సిన మనిషి లేదు.

ఎదురింటివాళ్ళు బీదర్ వైపు నుంచి వచ్చారు. భారత సైన్యం జరిపిన పోలీస్ చర్య ముగిసిన తర్వాత, సెప్టెంబరు ఆఖరులో. మా కాగితంలో అప్పటికి ఆగస్టు 27 ఒక్కటే ఉంది. అది చదివి వినిపిస్తుంటే ఆ ఇంటి పెద్దమ్మ చివరిదాకా విని, "మా నానా పేరు గూడ రాస్తరా అక్కా?" అని అడిగింది. నానా అంటే తల్లికి తండ్రి. ఆ సెప్టెంబరులో పొలం నుంచి ఇంటికి రాలేదు. శవం దొరకలేదు. ఆమె గొంతులో ఫిర్యాదేమీ లేదు, రేషన్ కార్డులో పేరు చేరుస్తారా అని అడిగినంత మామూలుగా అడిగింది. మేం ఆ కాగితం చింపి మళ్ళీ మొదటి నుంచి రాశాం. మీ ముందున్నది ఆ రెండోది.

కాబట్టి మా మనవిలో రెండు తరహాల మృతులున్నారు. రజాకార్లు, నిజాం బలగాలు చంపినవారు మొదటివారు: 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి పోగై కాల్పుల్లో ఒరిగిన 22 మంది, గుండ్రాంపల్లివారు, బైరాన్‌పల్లివారు, పేరు పుస్తకాల్లోకి ఎక్కని ఎన్నో పల్లెలవారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి 17న నిజాం లొంగిపోయిన తర్వాత, ఆ రోజుల్లోనూ ఆ తర్వాతి వారాల్లోనూ ప్రతీకారంలో చంపబడిన ముస్లిములు రెండోవారు. ఈ రెండో విషయం మాట్లాడగానే మన సభల్లో గొంతులు తగ్గిపోతాయి. కానీ దీన్ని విచారించమని పంపింది స్వతంత్ర భారత ప్రభుత్వమే. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు చివర బయల్దేరి డిసెంబరు మూడో వారం దాకా సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటిని తిరిగారు, 109 పల్లెలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం మరీ ఎక్కువని చెప్పారు. ఆ నివేదిక 2013 దాకా మామూలు చదువరి చేతికి అందలేదు. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. కొన్నిచోట్ల హిందూ సాలెలు తమతో మగ్గం నేసే ముస్లిం సాలెలను కాపాడడానికి అడ్డం నిలిచి తామూ ప్రాణాలు పోగొట్టుకున్నారని. వాళ్ళ పేర్లు ఏ జాబితాలోకి వస్తాయి? రజాకార్లు చంపినవాళ్ళ జాబితాలో వాళ్ళు లేరు, మతం పేరున చంపబడినవాళ్ళ జాబితాలోనూ ఇమడరు. అందుకే మేం ఒక్కటే పుస్తకం అడుగుతున్నాం.

ఈ రెంటినీ ఒక గాట కడతారా అని మా సమావేశంలోనే ఒక పెద్దాయన కోపగించుకున్నారు. ఆయన కోపం న్యాయమైనదే, ఆయన మేనమామ పేరు అమరవీరుల స్తూపం మీద ఉంది. ఆయనకు మేం చెప్పిందే మీకూ చెబుతున్నాం. ఎవరి నేరం ఎంతటిదో తూచే పని చరిత్రకారులది. ప్రభుత్వం వెనక నిలిచి చేయించిన హత్యకూ, ప్రభుత్వం ఆపలేక పోయిన హత్యకూ తేడా ఉందంటే మేం కాదనం. చచ్చిపోయిన మనిషి పేరు రాయడానికి మాత్రం ఆ తూకం ముందు తేలనక్కర్లేదు. ఇంకో మాట. రజాకార్ల పక్కన నిలిచినవాళ్ళలో విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి లాంటి దొరలున్నారు. రజాకార్లకు ఎదురు నిలిచి చచ్చిపోయినవాళ్ళలో ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉన్నారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ జైలు శిక్ష ముగించుకుని 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయినవాడి పాపాన్ని ఇక్కడే ఉండిపోయిన పక్కింటివాళ్ళ నెత్తిన రుద్దే సంస్మరణ మాకు వద్దు.

సెప్టెంబరు 17 ఉండగా మళ్ళీ ఒక రోజు దేనికి అంటారేమో. ఆ రోజుకు మనం పెట్టుకున్న పేర్లు ఎన్నో. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపింది. 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. అదే సంవత్సరం మార్చిలో కేంద్రం హైదరాబాద్ విమోచన దినంగా నోటిఫికేషన్ ఇచ్చింది. ఒకే ఉదయం పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక సభ, పరేడ్ గ్రౌండ్స్‌లో ఇంకొక సభ. రెండు చోట్లా అమరవీరులకు జోహార్లు చెప్పారు. ఆ తగవు ఇంకెన్నాళ్ళయినా సాగనివ్వండి, అందులో మేం ఏ పక్షమూ కాదు. రోజు పేరు కోసం ఇంత కొట్లాడుకున్న మనం మనుషుల పేర్లన్నీ ఒకచోట చేర్చిన పుస్తకం మాత్రం అచ్చు వేసుకోలేదు. మేం వెతికినంతలో మాకు దొరకలేదు.

నరమేధం అన్న మాట వాడడంలో మాకు తొందరపాటు లేదు. ఒక జాతిని, ఒక మతస్థులను పూర్తిగా గానీ కొంతవరకు గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే హత్యలను అంతర్జాతీయ నేరంగా ప్రకటించిన ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న పారిస్‌లో ఆమోదించింది. సరిగ్గా ఆ రోజుల్లో సుందర్‌లాల్ బృందం మన జిల్లాల్లో తిరుగుతూ చనిపోయినవాళ్ళ లెక్క రాసుకుంటోంది. భారతదేశం ఆ ఒడంబడికను ధ్రువీకరించింది 1959లో, అదీ ఆగస్టు 27వ తేదీన. బైరాన్‌పల్లి తేదీతో కలవడం యాదృచ్ఛికమే, అయినా అది చూసినప్పుడు మా ఒళ్ళు జలదరించింది. 1948లో ఇక్కడ జరిగినవాటిలో ఏది ఆ నిర్వచనం కిందికి వస్తుందో, ఏది రాదో తీర్పు చెప్పమని మేం ప్రభుత్వాన్ని అడగడం లేదు. మన ఊళ్ళలో జనం ఏ మాట అంటారో ఆ మాట రాశాం.

ఇలాంటి దుఃఖాన్ని మోసిన దేశాలు ఏం చేశాయో చూడండి. రువాండాలో 1994లో వంద రోజుల పాటు సాగిన మారణకాండను ఏటా ఏప్రిల్ 7 నుంచి తలుచుకుంటారు. క్విబుకా అంటారు దాన్ని, వాళ్ళ భాషలో గుర్తు పెట్టుకోవడం అని అర్థం. బోస్నియాలోని స్రెబ్రెనిత్సా దగ్గర 1995 జూలైలో చంపబడినవారి స్మారకంలో 8,372 పేర్లు రాతి మీద చెక్కారు. ఎముకలను పరీక్షించి గుర్తుపట్టిన కొద్దీ ఏటా జూలై 11న కొందరిని ఖననం చేస్తారు. వాళ్ళకూ రాజకీయ తగవులున్నాయి, జరగనే లేదని బుకాయించేవాళ్ళున్నారు. ఆ బుకాయింపుకు జవాబు చెబుతున్నది ఆ పేర్లే. వంద మంది అంటే కాదు యాభై అనవచ్చు. ఫలానా కొడుకు ఫలానా, వయసు ఇరవై రెండు, వృత్తి కుమ్మరం అని రాస్తే ఏమని కాదంటారు?

ఇక మా కోరికలు.

అన్నింటికన్నా ముందు, పేర్ల పుస్తకం. చరిత్రకారులతో, ఉర్దూ, మరాఠీ, కన్నడం, తెలుగు చదవగలిగినవారితో ఒక సంఘాన్ని నియమించండి. ఆ సంఘం హైదరాబాద్‌లో కూర్చుని ఫైళ్ళు తిరగేస్తే చాలదు. ఊళ్ళకు పోవాలి, గ్రామసభలో కూర్చోవాలి, ముసలివాళ్ళ మంచాల దగ్గర కూర్చోవాలి. మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, కులవృత్తి, వయసు, ఎక్కడ ఎలా చనిపోయారు, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఇవన్నీ రాయాలి. స్తూపాల మీద చెక్కి ఉన్న పేర్లు ముందు ఎక్కించాలి. పేరు తెలియకపోతే "ఫలానా ఇంటి జీతగాడు" అని అయినా రాయాలి, ఎందుకంటే స్తూపాల మీద మోతుబరుల పేర్లకు దొరికినంత చోటు జీతగాళ్ళకు దొరకదు. ఆడవాళ్ళ మీద జరిగినవి వేరుగా, వాళ్ళ మానానికి భంగం కలగకుండా, వాళ్ళు ఒప్పుకున్నంత మేరకే రాయాలి, ఆ పని ఆడవాళ్ళే చేయాలి. రైతాంగ సాయుధ పోరాటంలో, 1948 సెప్టెంబరు తర్వాత కూడా, నాలుగు వేల మంది కమ్యూనిస్టులూ రైతు దళాలవాళ్ళూ చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు, వారినీ వదలకూడదు. బీదర్, గుల్బర్గా ఇప్పుడు కర్ణాటకలో, ఉస్మానాబాద్, నాందేడ్ మహారాష్ట్రలో ఉన్నాయి కాబట్టి ఆ రెండు ప్రభుత్వాలకూ తమరు స్వయంగా ఉత్తరాలు రాయాలి. తొలి ముసాయిదా ఏడాదిలోగా బయట పెట్టి, తప్పులు దిద్దమని జనాన్నే అడగాలి. సంఖ్య చివర్న దానంతటదే వస్తుంది.

రెండోది, ఆగస్టు 27. సెలవు అడగడం లేదు. సెలవిస్తే ఆ రోజు ఇంట్లో పడుకుంటాం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది, పొద్దున్నే తలుపులు తీయకముందే మెట్ల మీద పిల్లలు బారులు తీరి ఉంటారు. ఆ ఆవరణలో ఆ సాయంత్రం పుస్తకంలోని పేర్లు చదవాలి. ఉపన్యాసాలు వద్దు, పార్టీ జెండాలు వద్దు, ఫ్లెక్సీలు వద్దు. చదివేది ఎవరన్నది చీటీలు తీసి నిర్ణయిస్తాం. తెలుగు పేర్లు ఉర్దూ ఇంటివాళ్ళు, ఉర్దూ పేర్లు తెలుగు ఇంటివాళ్ళు చదవాలని మా ఆలోచన. ప్రతి ఏడూ పోలీసు అనుమతి కోసం, మైకు అనుమతి కోసం స్టేషన్ల చుట్టూ తిరిగే అవస్థ లేకుండా శాశ్వత ఉత్తర్వు ఇప్పించండి. తలుచుకోవడానికి కూడా అనుమతి కావాల్సిన రాష్ట్రంలో బతికాం మనం. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న గిరిజనుల మీద జరిగిన కాల్పుల్లో పోయినవాళ్ళకు, కట్టుకున్న స్తూపాన్ని కూల్చేస్తే మళ్ళీ కట్టుకుని, నిషేధాజ్ఞల మధ్య ఏళ్ళ తరబడి పూలు పెట్టారు వాళ్ళ మనుషులు. 2024 ఫిబ్రవరిలో తమరే అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. అది గుర్తుండే ఈ మాట ధైర్యంగా రాస్తున్నాం.

షోయబుల్లాఖాన్ గారి గురించి వేరుగా ఒక మనవి. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి, కార్యాలయం నుంచి కాచిగూడలో ఇంటికి వస్తుండగా ఆయనను కాల్చి చేయి నరికారు, తెల్లారేసరికి ప్రాణం పోయింది. అడ్డం వెళ్ళిన బావమరిదికీ చేయి తెగింది. ముప్పై ఏళ్ళు నిండని మనిషి. బైరాన్‌పల్లికి అది ఆరు రోజుల ముందు. ఆయన మీద దాడి జరిగిన చోటు నారాయణగూడ నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర. లింగంపల్లి చౌరస్తాలో దారిన పోయేవాళ్ళు ఆగి చదువుకునేలా తెలుగులో, ఉర్దూలో రాతి పలక నిలపాలి. ఏ మాట రాసినందుకు చంపారో ఆ మాట కూడా దాని మీద ఉండాలి.

సుందర్‌లాల్ నివేదికకు ప్రభుత్వమే తెలుగు, ఉర్దూ అనువాదాలు అచ్చు వేయించి ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉంచాలి. దొంగచాటుగా ఫోన్లలో తిరిగే సగం సగం ముక్కల కన్నా మొత్తం నివేదిక బల్ల మీద ఉండడం మేలు.

కాగితాల సంగతి. 2000 ఆగస్టులో హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, గాంధీనగర్, దోమలగూడ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు మాలో చాలామంది బియ్యం డబ్బాలు, పిల్లల సర్టిఫికెట్లు నెత్తిన పెట్టుకుని మేడలెక్కాం. అదే వరద బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి వచ్చి, అబ్దుల్ సమద్ ఖాన్ గారు జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాల్లో, పత్రికల్లో ఎన్నింటినో ముంచేసింది. ఆ కాలపు సాక్ష్యం ఎక్కువ భాగం ఉర్దూలోనే ఉంది, పాత కాగితం మీదే ఉంది. బురద ఆరబెట్టి ఒక్కో పుట విప్పదీసిన దృశ్యం చూసినవాళ్ళం, అందుకే అడుగుతున్నాం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, నగరంలోని పాత గ్రంథాలయాల్లో ఉన్న 1946 నుంచి 1951 దాకా పత్రాలు, పత్రికలు స్కాన్ చేయించాలి. ఉర్దూ చదవగలిగిన యువకులకు ఆ పనిలో ఉద్యోగాలివ్వాలి.

బైరాన్‌పల్లి బురుజుకు మరమ్మతు చేయించండి. సున్నం కట్టడాన్ని సిమెంటుతో పూసి పాడు చేయకుండా తెలిసినవారితో చేయించండి. అక్కడి బాధిత కుటుంబాలవారి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను దరఖాస్తులను మళ్ళీ తెరిపించండి. 1948లో చనిపోయిన మనిషికి జైలు సర్టిఫికెట్ తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు?

బడిపిల్లల పాఠంలో ఈ సంగతి ఒక్క వాక్యంతో దాటిపోకుండా చూడమని విద్యాశాఖకు చెప్పండి.

అయ్యా, ఇందులో డబ్బు ఖర్చయ్యే పనులు తక్కువే, మనుషులు తిరగాల్సిన పని ఎక్కువ. దానికి మేం సిద్ధం. మా వీధుల్లో రిటైరైన టీచర్లున్నారు, ఉర్దూ మీడియంలో చదివిన ముసలివాళ్ళున్నారు, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్లలు వందల్లో ఉన్నారు. పల్లెకు పంపితే బస్సు చార్జీలు మేమే పెట్టుకుంటాం.

1948లో పదేళ్ళ వయసున్న పిల్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. బురుజు మీద నగారా మోత చెవులారా విన్నవాళ్ళు, తండ్రి పొలం నుంచి తిరిగి రాకపోవడం కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. జొన్నచేలో దాక్కున్న మా పెద్దావిడను మేం పోగొట్టుకున్నాం. మిగిలినవాళ్ళ దగ్గరికి రాసుకునేవాళ్ళను ఈ వానాకాలం దాటకముందే పంపించండి.

ఇట్లు,
గాంధీనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నివాసులు
హైదరాబాద్